బర్మా బూతం ఇంటి మాట

నారాయణసామి ఆరడుగుల పైచిలుకు మనిషి. కోయముత్తూరు పీళమేడులో వాళ్లమ్మ ఉండే ఇంటి గుమ్మం మాత్రం అయిదున్నర అడుగుల దగ్గరే ఆగిపోయింది. ఆ ఇల్లు కట్టిన తాత పొట్టివాడు. తన వంశంలో ఇంత పొడుగు మనవడు పుట్టుకొస్తాడని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. అందుకని ఆ ఇంట్లో ఒక వాడుక ఏర్పడిపోయింది. కొడుకు చెప్పుల చప్పుడు వినబడితే చాలు, చెల్లమ్మాళ్ పొయ్యి ముందున్నా పెరట్లో ఉన్నా "తల!" అని ఒక్క కేక వేస్తుంది. అతను "ఊఁ" అంటాడు, మెడ వంచుతాడు, లోపలికి వస్తాడు. ఆ "ఊఁ" వినబడేదాకా ఆమె చేతిలో పని ఆగే ఉంటుంది. పదిహేనేళ్ల నుంచీ ఇదే వరస.

గురువారం తెల్లవారి అతను పాలక్కాడు బస్సు దిగి, మదురై బస్సు దిగినవాడి మొహం పెట్టుకుని వచ్చినప్పుడూ అంతే జరిగింది.

"తల!"

"ఊఁ."

చెల్లమ్మాళ్ అప్పటికే మిల్లుకు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కొప్పు మీద గుడ్డ బిగించి కట్టుకుంది. మిల్లు రీలింగులో నూలు చుట్టే ఆడవాళ్లందరిలాగే ఆమె చూపుడువేలికీ బొటనవేలికీ నూలు కోసిన గీతలు. కొడుకు చేతిలో కాఫీ లోటా పెట్టి, అతన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"ఇళైచి పోయుండావు, ఎముకలు కనబడతుండాయి. ఆ మదురైలో నీకు అన్నం పెడతారా, పంపు నీళ్లు పోస్తారా?"

"పెడతారు లేమ్మా. కంపెనీలో ఓవర్‌టైము శానా."

"ఎన్ని దినాలు లీవు?"

"సోమవారం దాకా. అయితే శాయంకాలం మాత్రం తుడియలూరు పోవాల. అక్కడి వర్క్‌షాపులో మా పంపులు బిగించేది ఉండాది." ఈ మాట అతను బస్సులో పదిసార్లు వల్లించుకుని వచ్చాడు.

"శరిగా పోయింది. శాయంకాలం నేనూ ఇంట్లో ఉండను," అంది చెల్లమ్మాళ్ ఉత్సాహంగా. "మిల్లు మైదానంలో కుస్తీ డేరా ఏసుండారు. మూడున్నర సంగు ఊదినాక నేరుగా ఆడికే. రీలింగు ఆడోళ్లమంతా ఆదివారం దాకా టికెట్టు తీసుండాము."

కాఫీ నారాయణసామి ముక్కులోకి ఎక్కింది.

"బర్మా బూతం అని ఒకడు వచ్చుండాడంట. మొకానికి ముసుగంట. మన మాటా తెలీదు, అరవమూ తెలీదు, జాలీ తెలీదు అని నోటీసులో ఏసుండారు. పావం, ఎవురో తిరుమలై అనే పిల్లోణ్ణి మోసం చేసి ఓడి గెలుపు బెల్టు ఎత్తుకున్నాడంట."

"అట్లాంటివి నీకేంటికమ్మా?"

"ఓణ్ణి ఎవురన్నా తంతుంటే కడుపునిండా చూడల్ల," అంటూ ఆమె తన వెత్తలపెట్టి, తమలపాకుల ఇత్తడి పెట్టె, నడుములో దోపుకుని, సంగు, అదే మిల్లు సైరను, ఊదకముందే వీధిలో పడింది.

ఆ బర్మా బూతం ఎవరో కాదు, ఆమె ముందు కూచుని దగ్గుతున్న కొడుకే. రెండేళ్ల కింద మిల్లులో మనుషుల్ని తగ్గించినప్పుడు అతని పేరూ అందులో ఉంది. మదురైలో ఏ పంపు కంపెనీవాడూ చేర్చుకోలేదు గానీ, కుస్తీ డేరా మాణిక్కం అతని భుజాలు చూసి చేర్చుకున్నాడు. ముసుగు తగిలించుకుని డేరాలో వేషం కట్టే కొడుకు అని రీలింగు ఆడవాళ్ల మధ్య అమ్మ తల వంచుకోవలసి వస్తుందని అతనికి బెంగ. ఆ తల ఇంతవరకూ ఎవరి ముందూ వంగలేదు. అందుకని రెండేళ్లుగా ఆమెకు ఉత్తరాల్లో పంపులు బిగిస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం డేరా వెనక మాణిక్కం అతన్నీ తిరుమలైనీ పక్కకు పిలిచాడు. తిరుమలై చిన్నమనూరు కుర్రాడు. ఇరవై రెండేళ్లు, చూడ్డానికి చక్కనివాడు, అందుకే హీరో. అతని ఇంట్లోనూ తెలుగే. మలబారు పక్క ఊళ్లలో వీళ్లిద్దరూ రింగులో ఇంటి మాటే మాట్లాడుకునేవాళ్లు. బూతం "ఎడమకాలు జాగర్తరా" అని గర్జిస్తే జనం అది బర్మా బూతు అనుకుని వణికేవాళ్లు.

మాణిక్కం అరవంలో మెల్లగానే చెప్పాడు. "ఇది కోయముత్తూరు. ఈ మిల్లు జనంలో సగంమందికి మీరు మాట్లాడేది అమ్మ మాట. నారాయణా, ఈ నాలుగు రోజులూ నీ నోరు కుట్టేసుకో. ఉరుము, బుసకొట్టు, మాట మాత్రం వద్దు. ఒక్క మాట బయటికొచ్చిందా, జనం డేరా పీకుతారు. సోమవారం నీకు నా దగ్గర పని ఉండదు."

"మరి రాట్నం ఎట్ల, ముదలాళీ?" అని యజమానిని అడిగాడు నారాయణసామి.

రాట్నం అనేది వాళ్ల ఆటకు పేరు తెచ్చిన పట్టు. బూతం తిరుమలైని భుజాల మీద అడ్డంగా వేసుకుని మూడు చుట్లు తిప్పి విసురుతాడు. పడేవాడు గడ్డం గుండెకు ఆనించి ముడుచుకుంటే వీపు మీద దొర్లి లేస్తాడు. మెడ సాచి పడితే మరి లేవడు. అందుకే విసిరే ముందు నారాయణసామి "తల!" అంటాడు. తిరుమలై "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" రానిదే అతని చేతులు విడిచిపెట్టవు. ఆ మాట ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో అతనెప్పుడూ ఆలోచించలేదు.

"గిచ్చు," అన్నాడు మాణిక్కం. "మణికట్టు మీద రెండుసార్లు గిచ్చు. వాడు వీపు మీద తడతాడు. దానికి నోరెందుకు?"

ఆ సాయంకాలం బూతం రింగులోకి రాగానే మైదానమంతా లేచి ఊళ పెట్టింది. మగవాళ్ల తిట్లు అతనికి అలవాటే. ఆడవాళ్ల వరసల్లోంచి ఒక గొంతు మాత్రం ముసుగులోంచి నేరుగా చెవిలో దిగింది.

"థూ, నిన్ను కన్న కడుపు కాలా!"

నారాయణసామి అటు తిరిగి పళ్లు కొరికినట్టు చెయ్యాలి. చేశాడు. చేస్తూ అమ్మను చూశాడు. ఆమె బెంచీ మీదెక్కి నిలబడి ఉంది. కొప్పు నిండా దూది నలకలు, కళ్లలో నిప్పులు. తిరుమలై కళ్లలో అతను ఇసక కొట్టినట్టు నటించగానే ఆమె నడుములోంచి ఏదో తీసి గురిచూసి విసిరింది. అది వచ్చి ముసుగు మీద, ఎడమ కనుబొమ పైన ఠంగుమని తగిలింది.

ఇత్తడి పెట్టె. మూత ఊడి వక్కలు టార్పాలిను మీద చెల్లాచెదరయ్యాయి. దాన్ని కాలితో తొక్కి నలిపినట్టు నటిస్తూ అతను రింగు కిందికి తోశాడు. ఆట అయ్యాక చేతులూ మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి వెతికి తెచ్చుకున్నాడు. ఆమె పెండ్లినాటి పెట్టె అది. ఒక మూల సొట్ట పడింది. దాన్ని పంచెలో చుట్టి చేతిసంచి అడుగున పెట్టాడు.

ఇంటికి చేరేసరికి చెల్లమ్మాళ్ వాకిట్లోనే కూచుని ఉంది.

"తల! అయ్యో, ఆ నొసలేంది?"

"పంపు పైపు తగిలిందమ్మా."

ఆమె పసుపు తడిపి తెచ్చి, కొడుకు తలను మోకాలికి ఆనించుకుని, తాను చేసిన గాయానికి తానే పట్టీ వేసింది. వేస్తున్నంతసేపూ బూతాన్ని తిడుతూనే ఉంది.

"ఆ కసాయోడి మొకం మీదికి నా వెత్తలపెట్టి ఇసిరేస్తి. మీ నాయన కొనిచ్చింది. ఆ పాపిష్టోడు దాన్ని తొక్కేసినాడురా, సామీ. ఆట ముగిసినాక పోయి వెతికితే కనబళ్లేదు. నోట్లో వెత్తల లేక నాలిక పీక్కుపోతుంది."

"వేరేది కొనిస్తాలే."

"వేరేదాంట్లో పెడితే వెత్తలకు ఆ రుచి వస్తుందా?"

పెట్టె అతని సంచిలోనే, ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. ఇచ్చేద్దామని అతని చెయ్యి సంచి మీదికి పోయింది. ఇస్తే ఎక్కడిదని అడుగుతుంది. పసుపు మంటకు నీళ్లు తిరిగినట్టు కళ్లు తుడుచుకుని, సంచిని కాలితో వెనక్కి నెట్టాడు.

శుక్రవారం గిచ్చుడు బాగానే పనిచేసింది. శనివారం పనిచేయలేదు. తిరుమలై మణికట్టు బెణికి గుడ్డపట్టీ చుట్టుకుని వచ్చాడు. నారాయణసామి గిచ్చినది పట్టీకి తగిలింది గానీ తోలుకు తగల్లేదు. తడతాడని ఎదురుచూస్తుంటే, కుర్రాడు పట్టు జారకుండా అతని వీపు పట్టుకున్నాడు. దాన్నే తట్టడం అనుకుని నారాయణసామి విసిరాడు.

పడిన చప్పుడులోనే తేడా తెలిసింది. తిరుమలై లేచాడు, నవ్వాడు, జనానికి చెయ్యి ఊపాడు. తల మాత్రం ఒక పక్కకు తిరగలేదు.

డేరా వెనక నారాయణసామి నువ్వులనూనె గోరువెచ్చగా కాచి అతని మెడకు రాశాడు. బొటనవేళ్లతో చెవి కిందినుంచి భుజందాకా మెల్లగా దించుతూ, నరం ఎక్కడ ముడిపడిందో వెతుకుతున్నాడు. బయట వందలమంది బూతం చావాలని అరుస్తున్నారు. ఆ కుర్రాడు ప్రతిరోజూ కాళ్ల మీద నిలబడి ఇంటికి పోతున్నాడంటే ఈ చేతుల వల్లేనని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఎన్నడూ లేనిది ఆ రోజు అతనికి అది అన్యాయంగా తోచింది.

"నొస్తుందా, తంబీ?"

"తిరిగితే నొస్తుందన్నా. తిరక్కుంటే పరవాలే."

నారాయణసామి చేతికి నూనెతోనే మాణిక్కం దగ్గరికి వెళ్లాడు. "ముదలాళీ, రేపు రాట్నం వద్దు. లేదా ఒక్క మాట, ఒకే ఒక్క మాట అననియ్యండి."

"రేపు బెల్టు ఆట. మూడు రాట్నాలు అని నోటీసులో ఉంది. మూడోదాంట్లోంచి వాడు లేచి నిన్ను పడగొట్టాలి, బెల్టు గెలవాలి. జనం దానికే వస్తున్నారు." మాణిక్కం చెడ్డవాడు కాదు. డేరా గుంజలు పీకేసిన ఊళ్లు రెండు చూసినవాడు. "నీ నోరు తెరుచుకుంటే రాట్నమే కాదు, మనందరి కూడూ పోతుంది. వెళ్లు."

ఆదివారం మిల్లుకు సెలవు. నాలుగు గంటలకే మైదానం నిండిపోయింది. పీళమేడు ఇళ్లలో ఒక్కరూ మిగల్లేదు. నారాయణసామి ముసుగు ముడి రెండుసార్లు విప్పి కట్టుకున్నాడు. ఇద్దరూ ముందే అనుకున్నారు, పట్టీ లేని చేతి మీద గట్టిగా గిచ్చాలి, గట్టిగా తట్టాలి అని.

మొదటి రాట్నం బాగానే అయింది. రెండోది అయింది. రెండోసారి లేచినప్పుడు తిరుమలై పెదవులు తెల్లగా ఉండడం నారాయణసామి చూశాడు. ఉరుముతూ అతన్ని తాళ్లకు ఆనించి రెండు నిమిషాలు ఊరికే గుద్దినట్టు నటించాడు, కుర్రాడు ఊపిరి తీసుకుంటాడని.

"మూడోది! మూడోది!" అని జనం అరిచారు.

మూడోసారి భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఒక చుట్టు. రెండో చుట్టులో గిచ్చాడు. తట్టలేదు. మళ్లీ గిచ్చాడు, గోరు దిగేలా. ఏమీ లేదు. కుర్రాడి తల అతని చంక పక్కన తడిగుడ్డలా వేలాడుతోంది. ఆపి మెల్లగా దించుదామని కాలు బిగించాడు. చెమటకు తడిసిన టార్పాలిను మీద మడమ జారింది. భుజాల మీది బరువు తనంతట తానే కదిలిపోవడం మొదలుపెట్టింది.

ఆ అరక్షణంలో అతనికి మాణిక్కం గుర్తు రాలేదు. సోమవారం గుర్తు రాలేదు.

"తల! తిరుమలై, తల! తల లోపల పెట్టుకోరా!"

"ఊఁ," అన్నాడు తిరుమలై, నిద్రలో పలికినట్టు. గడ్డం గుండెకు చేరింది. మనిషి ముడుచుకుని భుజం మీద పడి, ఒక దొర్లు దొర్లి వెల్లకిలా ఆగాడు.

నారాయణసామి మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి అతని మెడ కింద చెయ్యి పెట్టాడు. "వేళ్లు ఆడించు. ఆడించరా తంబీ. కాళ్లు తెలుస్తుండాయా?"

"తెలుస్తుండాయన్నా." తిరుమలై కళ్లు తెరిచాడు. "నోరు తెరిచేస్తివే?"

అప్పుడు వినిపించింది నారాయణసామికి, మైదానంలోని నిశ్శబ్దం. కుస్తీకి వచ్చిన జనం అంత గమ్మున ఉండడం అతనెన్నడూ ఎరగడు.

"ఒరేయ్," అంది నేల టికెట్టులోంచి ఒక గొంతు, "బూతం మన మాట మాట్లాడుతుందిరా!"

ఒకడు పకపకా నవ్వాడు. ఇంకొకడు మోసం అన్నాడు. మోసం, మోసం అని ఆ మాట వరస నుంచి వరసకు పాకింది. ఎక్కడో ఒక బెంచీ ఫెళ్లుమని విరిగింది. మాణిక్కం డేరా గుంజను రెండు చేతులా పట్టుకున్నాడు.

"గమ్మునుండండిరా!"

రీలింగు గిరకల హోరు మీదుగా ఇరవై ఏళ్లు మాట్లాడిన గొంతు అది. మిల్లు సంగుకు ఏమాత్రం తీసిపోదు. చెల్లమ్మాళ్ బెంచీ మీద నిలబడి ఉంది.

"ఆ బిడ్డ మెడ ఇరిగుంటే మీలో ఎవురన్నా మోసుకుపోతారా? ఓడు అరవబట్టి కదా బతికినాడు! కూచోండి!"

పక్కనున్న సుందరవల్లి, రీలింగులో ఆమె జోడీ, ముందుగా కూచుంది. ఆడవాళ్లంతా కూచున్నారు. వాళ్లను చూసి మగవాళ్లు కూచున్నారు.

చెల్లమ్మాళ్ మాత్రం నిలబడే ఉంది. రింగు వైపు చూస్తోంది. ఆ ముసుగునూ, ఆ భుజాలనూ, కుర్రాడి మెడ కింద ఉన్న ఆ చేతినీ ఆమె చాలాసేపు చూసింది. మైదానంలో సగంమంది విన్నది తమ ఇంటి భాష. ఆమె విన్నది తన ఇంటి గుమ్మం. ఆ కేక తనది. పదిహేనేళ్లుగా తాను వేస్తున్నదే, ఆ భయంతో, ఆ గొంతు విరుపుతో సహా.

"సామీ," అంది. పెద్దగా అనలేదు గానీ అందరికీ వినబడింది. "తెగింది కదా. ముడేసి, ఆట ముగించు."

నూలు తెగినప్పుడు రీలింగులో కొత్తపిల్లలకు ఆమె చెప్పే మాటే అది. నారాయణసామి తిరుమలై పక్కన తానే వెల్లకిలా పడుకున్నాడు. భుజాలు రెండూ నేలకు ఆనించాడు. కుర్రాడి చెయ్యి మెల్లగా ఎత్తి తన గుండె మీద వేసుకున్నాడు.

"పట్టుకో, తంబీ. నువ్వు గెలవల్ల."

రిఫరీ నాగరాజన్ నోట్లో ఈల పెట్టుకుని కొయ్యబారిపోయాడు. ఎవరు ఎవరిని పడగొట్టారో అతనికే అంతుపట్టలేదు. లెక్కపెట్టవలసినవాడు లెక్కపెట్టకపోతే చెల్లమ్మాళే మొదలుపెట్టింది.

"ఒకటి!"

"రెండు!" అన్నారు రీలింగు ఆడవాళ్లు.

"మూడు!" అని మైదానమంతా నవ్వుతూ, ఇంట్లో లెక్కపెట్టుకునే మాటలోనే అరిచింది. అప్పుడు నాగరాజన్ ఈల ఊదాడు. వెండిరేకుల బెల్టు తిరుమలై నడుముకు కట్టారు. మెడ తిప్పలేక అతను ఒంటినంతా తిప్పుతూ నాలుగు దిక్కులకూ దండం పెట్టాడు. బూతం దిగి వెళ్తుంటే ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి ఎవరూ ఏమీ విసరలేదు. ఒక ముసలాయన మాత్రం పిలిచి అడిగాడు, "ఎవురింటి బిడ్డవప్పా నువ్వు?"

డేరా వెనక మాణిక్కం నుదురు పట్టుకుని సామాన్ల ట్రంకు మీద కూచున్నాడు. నారాయణసామి ముసుగు విప్పి, మడతపెట్టి, ఆయన ముందు పెట్టాడు. ఆయన దాన్ని చూశాడు గానీ తీసుకోలేదు. బయట జనం ఇంకా పోలేదు. "బూతం, బూతం" అని పిలుస్తున్నారు, పెండ్లిలో వియ్యంకుణ్ణి ఆటపట్టించినట్టు. మాణిక్కం ఆ పిలుపు చెవి ఒగ్గి వింటున్నాడు.

తెర పక్కకు తొలగింది. చెల్లమ్మాళ్ లోపలికి వచ్చింది. కొడుకు ఎదుట నిలబడింది. చెయ్యి చాపింది.

"నా వెత్తలపెట్టి ఇయ్యి."

అతను సంచి అడుగునుంచి పంచె తీసి, మడత విప్పి, పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. ఆమె సొట్టను బొటనవేలితో తడిమింది. ఆ వేలితోనే అతని కనుబొమ పైన పసుపుమచ్చనూ తడిమింది.

"నొచ్చిందా?"

"లేదమ్మా."

"కన్న కడుపు కాలా అంటిని."

"ముసుగులో శరిగా వినబళ్లేదు."

"ముందే చెప్పుంటే మెల్లిగా ఇసిరుందునే," అంది ఆమె. అని, కొంగుతో మొహం తుడుచుకుని, మాణిక్కం వైపు తిరిగి అరవంలో మాట్లాడింది. "అయ్యా, పొద్దున వీడు పనికి వస్తాడు. గెలిచినా శరి, ఓడినా శరి. మొకం కప్పుకుని మాత్రం రాడు."

మాణిక్కం బయటి కేకల్ని ఇంకొంచెంసేపు విన్నాడు. లేచి, ముసుగు తీసి ట్రంకులో పడేసి మూత వేశాడు. "ఏడు గంటలకు రమ్మనండి, అమ్మా. గుంజలు సరిచెయ్యాలి," అన్నాడు.

తిరుమలైని కూడా ఇంటికి నడిపించుకుపోయారు. దారిలో చెల్లమ్మాళ్ కొట్టుముందు ఆగి ఆకులు, వక్కలు, సున్నం తీసుకుని, పెట్టెలో సర్దుకుని, మూడు దినాల కరువు తీరేలా ఒకేసారి నోటినిండా దట్టించింది. ఇల్లు చేరేసరికి మాట్లాడడానికి ఆ నోట్లో చోటు లేదు.

ఆమె ముందు లోపలికి వెళ్లింది. నారాయణసామి, తిరుమలై భుజం పట్టుకుని, గడప దగ్గర అలవాటుగా ఆగాడు. కేక రాలేదు. చూస్తే, ఆమె గుమ్మం లోపల చెయ్యెత్తి నిలబడి, ద్వారబంధం పైకమ్మి బయటి అంచుకు అరచెయ్యి అడ్డంపెట్టి ఉంది.

అతను మెడ వంచడం మరిచిపోయి అడుగు వేశాడు. నుదురు వచ్చి ఆ చేతికి మెత్తగా తగిలింది.

"ఊఁ," అన్నాడు నారాయణసామి.